మన నల్లరాయికీ ఒక గైడు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మాది రాజోలు. ముప్పై రెండేళ్లు కోనసీమ బళ్లలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నేను పాఠం చెప్పినన్నాళ్లూ అగ్నిపర్వతం అంటే నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసిన త్రికోణం, దాని నెత్తిన ఎర్రసుద్దతో నాలుగు గీతలు. “దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం ఏది?” అంటే “అండమాన్‌లోని బారెన్ దీవి” అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచేవారు. పాఠం అయిపోయేది. కిందటేడు నిజంగానే ఒక అగ్నిపర్వత బిలంలోకి దిగి నడిచివచ్చాను. ఆ తరవాతే, నేను పిల్లలకు చెప్పకుండా వదిలేసిన లావారాయి రాజమహేంద్రవరం పక్కనే ఉందనీ, అది రోజూ కొంత కంకర కొట్టే క్రషర్లోకి పోతోందనీ తెలిసింది. ఈ ఉత్తరం అందుకు.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. నన్ను హవాయి దీవులకు తీసుకెళ్లింది. అక్కడి పెద్ద దీవిలో 1916లో ఏర్పడిన అగ్నిపర్వతాల జాతీయవనం ఉంది. అందులో కీలవేయా అనే అగ్నిపర్వతం, దానికి ఆనుకుని కీలవేయా ఇకీ అనే బిలం. ‘ఇకీ’ అంటే వాళ్ల భాషలో చిన్నది అని. పేరుకే చిన్నది, పొడవు మైలు దాకా ఉంటుంది. ఒక గైడు వెంట పన్నెండు మందిమి దిగాం. గైడు ఆ దీవిలో పుట్టిన అమ్మాయే, పాతికేళ్లు ఉంటాయేమో.

దారి మొదట్లోనే బ్రష్షులు బిగించి ఉన్నాయి. బూట్ల అడుగులు రుద్దుకోమంది. అక్కడ ఓహియా అనే చెట్టుకు ఒక శిలీంధ్రం పట్టి, పచ్చటి చెట్లు నిలువునా ఎండిపోతున్నాయట. బూట్లకంటిన మట్టితో తెగులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతుందట. గానోడెర్మా తెగులుకు తోటలో సగం కొబ్బరిచెట్లు పోగొట్టుకున్న ఇల్లు మాది. నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. రెండుసార్లు రుద్దుకున్నాను. దిగే ముందు ఆ అమ్మాయి బిలం వైపు తిరిగి నిలబడి, వాళ్ల భాషలో ఏదో స్తోత్రం చదివింది. గోదాట్లో దిగే ముందు మనం దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకోమా, అలాగే అనిపించింది. వాళ్లకు ఆ మంట పేలే అనే అమ్మవారు.

నాలుగువందల అడుగుల దిగుడు. చెట్టంత ఎత్తు ఫెర్న్ మొక్కలు, వాటి మీంచి కారే మంచు, జారే మెట్లు. అడవి ఒక్కసారిగా ఆగిపోయింది. ఎదురుగా నల్లటి రాతి మైదానం. దాళ్వా పంట కోసేశాక మే నెలలో చేలు నెర్రెలిచ్చినట్టు పగిలి ఉంది, కాకపోతే ఇక్కడ పెళ్లలు మంచమంత, గుమ్మం తలుపంత. దారి తప్పకుండా అక్కడక్కడా రాళ్లు కుప్పగా పేర్చారు. ఆ కుప్పల వెంటే నడవాలి, రాళ్లు కదపకూడదు, కొత్తవి పేర్చకూడదు అని ముందే చెప్పింది.

మధ్యకు వచ్చాక మమ్మల్ని ఆపింది. “మీరు నిలబడింది నేల మీద కాదు, గడ్డకట్టిన చెరువు మీద” అంది. 1959 నవంబరు 14న ఈ బిలం గోడ చీలి లావా చిమ్మింది. డిసెంబరు దాకా ఆగుతూ, మళ్లీ లేస్తూ ఎగసింది. ఒక దశలో ఆ చిమ్మిన ధార 1,900 అడుగుల ఎత్తుకు వెళ్లిందట. మన కొబ్బరిచెట్టు అరవై అడుగులు అనుకుంటే ముప్పై చెట్లు ఒకదాని నెత్తిన ఒకటి. ఆ లావా అంతా బిలంలో సుమారు 400 అడుగుల లోతు చెరువై నిలిచింది. పాల మీద మీగడ కట్టినట్టు ముందు పైపొర గట్టిపడింది. శాస్త్రవేత్తలు ఆ మీగడకు బెజ్జాలు వేసి, కింద కరిగి ఉన్న రాయి ఏడాదికేడాది ఎలా పేరుకుంటోందో కొలుస్తూ వచ్చారు. అడుగుదాకా గట్టిపడటానికి ముప్పై ఏళ్లు దాటింది. అంటే నేను ఉద్యోగంలో చేరి పాఠాలు చెబుతున్న రోజుల్లో కూడా దాని కడుపులో నిప్పు ఉంది. ఇప్పటికీ లోపల వేడి పోలేదు. నెర్రెల్లోకి దిగిన వాననీళ్లు ఆవిరై పైకొస్తున్నాయి. చెయ్యి పెట్టి చూశాను. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు వెచ్చగా తగిలింది.

అప్పుడు నాకు పాశర్లపూడి గుర్తొచ్చింది. 1995 జనవరిలో అక్కడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండినప్పుడు రాత్రిళ్లు మా డాబా మీంచి ఆకాశం ఎర్రగా కనపడేది. పసిపిల్లల్ని ఎత్తుకుని జనం బంధువుల ఊళ్లకు పోయారు. భూమి లోపల ఏముందో అని అంతకుముందు మాలో ఎవరమూ ఆలోచించిన పాపాన పోలేదు. మంట ఆరాక మళ్లీ మర్చిపోయాం. నేనూ మర్చిపోయాను, పిల్లలకు అదే ఊళ్లో పాఠం చెబుతూ.

బడిలో చూపిద్దామని ఒక చిన్న రాయి వంగి తీశాను. గైడు చూసి, కసురుకోలేదు. ఇక్కడి నుంచి రాళ్లు పట్టుకెళ్లినవాళ్లు ఏళ్ల తరవాత క్షమించమని ఉత్తరం రాసి, పార్సిల్లో పెట్టి తిరిగి పంపుతుంటారని చెప్పింది. ఎక్కడ తీశానో అక్కడే పెట్టేశాను. మీదే ఊరని అడిగింది. ఇండియా అన్నాను. “దక్కన్ ట్రాప్స్ ఉన్న దేశం నుంచి వచ్చారా! దాని ముందు మా లావా చెంబెడు” అంది. ఆ మాటకు నా ముఖం చిన్నబోయింది. దక్కన్ పీఠభూమి లావాతో ఏర్పడింది, అక్కడ నల్లరేగడి, పత్తి పండుతుంది అని ఒక్క వాక్యంలో చెప్పి పేజీ తిప్పిన టీచర్ని నేను.

ఇంటికొచ్చాక భూగర్భశాస్త్రం చదివిన నా పాత విద్యార్థి ఒకరిని పట్టుకుని కూర్చున్నాను. అతను చెప్పినవీ, ఇచ్చిన కాగితాల్లో చదివినవీ ఇవి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట, రాక్షసబల్లులు అంతరించిన కాలంలో, పశ్చిమ కనుమల వైపు భూమి చీలి లావా పొరలు పొరలుగా పారింది. ఈనాటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు ఆ రాయే. కొండలు మెట్లుమెట్లుగా కనపడతాయి కాబట్టి స్వీడిష్ భాషలో మెట్టు అనే మాట నుంచి ‘ట్రాప్’ అన్న పేరొచ్చింది. ఆ లావాలో కొంత పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి మన రాజమహేంద్రవరం దగ్గర సముద్రంలో కలిసిందని 2008లో కొందరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. భూమి మీద ఇంత దూరం పారిన లావా ఇంకోటి ఉందా అన్నదే వాళ్ల ప్రశ్న. దీన్ని రాజమండ్రి ట్రాప్స్ అంటారు. ఇటు కాటేరులో, అటు గోదావరి దాటితే పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు చుట్టూ పైకి కనపడుతుంది. కాటేరులో ఒకప్పుడు అగ్నిపర్వతం ఉండేదని కొందరు చెబుతుంటారు, అది సరికాదు. అక్కడ బిలం లేదు. ప్రయాణం చేసొచ్చిన లావా అది.

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటుంది. ఆ లావా పొర కాటేరుతో ఆగలేదు. డెల్టా కిందుగా వేల అడుగుల లోతున సముద్రం దాకా సాగుతుంది. చమురు బావులు తవ్వినప్పుడు తగిలిన ఆ పొరకు భూగర్భశాస్త్రంలో పెట్టిన పేరు ‘రాజోలు ఫార్మేషన్’. దాని మీది మట్టిపొర పేరు ‘పాలకొల్లు షేల్’. ప్రపంచమంతటా భూగర్భ శాస్త్రవేత్తలు మా ఊరి పేరుతో లావా గురించి రాస్తుంటే, ఆ ఊరిదాన్నై ముప్పై రెండేళ్లు పాఠం చెప్పిన నాకు తెలియదు.

మా లంకల్లో రాయి పుట్టదు. పలుగు దింపితే ఒండ్రు, ఇసుక, ఇంకా దింపితే నీళ్లు. రోడ్డుకి, శ్లాబుకి, వంతెనకి మెటల్, అంటే కంకర, అంతా పైనుంచి రావాల్సిందే. మా ఇంటి శ్లాబులో పడ్డ చిప్స్ పంగిడివే. అంటే ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా కింద ఫ్యాను వేసుకుని పడుకుంటున్నాం. గోదావరి పుట్టిందీ త్ర్యంబకం దగ్గర ఆ నల్లరాతి మీదే. నది పరీవాహకంలో దాదాపు సగం ఆ రాయే కాబట్టి, మన చేలలో పడిన ఒండ్రులోనూ దాని పొడి ఉంది.

కిందటి నెల ఆ విద్యార్థితో కలిసి కొవ్వూరు మీదుగా వెళ్లి క్వారీలు చూశాను. టిప్పర్ తోలే కుర్రాడు కూడా నా దగ్గర చదువుకున్నవాడే, వాడే దగ్గరుండి చూపించాడు. నిలువుగా కోసిన గోడ. కింద నల్లరాయి, మీద నల్లరాయి, మధ్యలో మనిషెత్తు తెల్లటి పట్టీ. ఒక లావా పారి చల్లారాక, ఇంకోటి వచ్చేలోగా అక్కడ సముద్రపు నీరు నిలిచి పేరుకున్న సున్నపురాయి అది. దగ్గరికెళ్లి చూస్తే నిండా గుల్లలు. మన గుల్లసున్నం కాల్చే గుల్లల్లాంటివే, రాయైపోయాయి. వాటిలో ఒక ఆల్చిప్పకు పందొమ్మిదో శతాబ్దంలోనే పంగిడి పేరు మీద ‘ఓస్ట్రియా పంగడియెన్సిస్’ అని పేరు పెట్టారు. అంటే అప్పటి సముద్రపు ఒడ్డు ఇక్కడ. రాజోలు, అమలాపురం, నరసాపురం ఇంకా పుట్టనే లేదు. ఈ తెల్ల పట్టీలో సూదిమొనంత జీవుల గుల్లల్ని ఏరి, దక్కన్ లావాకూ ఆనాటి వినాశనానికీ ఉన్న సంబంధం గురించి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ మన దేశపు శాస్త్రవేత్తలతో కలిసి 2008లో పత్రం రాశారు. ప్రపంచం అంత దూరం నుంచి వచ్చి చూసిన పట్టీ ఇది. “అదేంటండి టీచర్‌గారూ, అది మెటల్‌కి పనికిరాదండి. తీసి అవతల పోస్తారండి” అన్నాడు మా కుర్రాడు. వాడి తప్పేం ఉంది? వాడికి చెప్పాల్సినదాన్ని నేను.

క్వారీలు మూసేయమని నేను అడగను. నా దగ్గర చదివిన పిల్లల్లో పదుల కుటుంబాలు ఆ రాయి మీదే బతుకుతున్నాయి. 2027 పుష్కరాల పనులకూ మెటల్ కావాలి. కానీ కాటేరులో గానీ, గౌరీపట్నంలో గానీ, రెండు నల్లపొరలూ మధ్యలో తెల్ల పట్టీ స్పష్టంగా కనపడే ఒక్క గోడను, నూరడుగుల పొడవైనా సరే, కోయకుండా ఉంచండి. విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలను భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించినప్పుడు ఈ గోడకు ఆ అర్హత లేదా? పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పిల్లలు జారిపడకుండా ఒక రెయిలింగు, నిలబడటానికి కాస్త నీడ, తెలుగులో ఒక బోర్డు.

బోర్డు ఒక్కటీ చాలదు. హవాయిలో నా చేత బూట్లు రుద్దించి, రాయి కింద పెట్టించి, మీగడ మాట చెప్పింది బోర్డు కాదు. ఆ ఊరి అమ్మాయి. క్వారీ ఊళ్లలో ఇంటర్ చదివిన పిల్లలు ఎందరో ఉన్నారు. రాయి ఎక్కడ ఎలా పగులుతుందో వాళ్లకు పుట్టుకతో తెలుసు. ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగం వారు ఓ పదిమందికి నెలరోజులు నేర్పితే చాలు. కోనసీమ, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల బళ్ల నుంచి ఏడాదికి ఒక్కసారి ఎనిమిదో తరగతి పిల్లల్ని బస్సుల్లో తీసుకురండి. గైడు రుసుము ఆ క్వారీ ఊళ్ల పిల్లలకే చెందాలి.

మూడు జిల్లాల కలెక్టర్లకూ, గనుల శాఖ, పర్యాటక శాఖ అధికారులకూ ఇదే విషయం అర్జీగా పంపాను. గోడ ఎంపికకు ఎవరైనా అధికారి వస్తే, మేం చూసిన చోటు చూపించడానికి ఏ రోజు చెప్పినా వస్తాను. రాజోలులో తెల్లవారుజామున మొదటి బస్సెక్కితే ఎండ ముదరకముందే అక్కడికి చేరొచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
రాజోలు, కోనసీమ జిల్లా