హౌస్ సర్జన్ల చేతికి స్క్రూడ్రైవర్ కూడా ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను ముప్పై ఏళ్ళు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. మొన్న మా వదిన గారిని చేర్పించిన ఆస్పత్రిలో సెలైన్ స్టాండు చక్రం తిరగట్లేదని హౌస్ సర్జన్ అబ్బాయి బాటిల్‌ని గాజు గుడ్డతో కిటికీ ఊచకి కట్టేశాడు, నేను చూస్తూ ఊరుకోలేక చక్రం ఊడదీస్తే ఇరుసుకి జుట్టూ దారాలూ చుట్టుకుని ఉన్నాయి, పిన్నీసుతో లాగేస్తే చక్కగా తిరిగింది. "ఇన్నేళ్ళు చదివాం అంకుల్, స్క్రూడ్రైవర్ పట్టుకోమని ఎవరూ చెప్పలేదు" అన్నాడు పాపం.

నవ్వొచ్చింది గానీ ఆ అబ్బాయికి బుర్ర బాగానే ఉందండీ. రాత్రిపూట సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం ఎక్కుతుంది, పక్కనున్నవాళ్ళు నిద్రలో ఉంటారు, అందుకని బరువు తగ్గగానే బెల్ మోగేలా ఒక బొమ్మ గీసి చూపించాడు. 500 ఎంఎల్ అంటే అరకిలో లెక్క, 50 గ్రాములు మిగిలినప్పుడు మోగాలి అని కూర్చుని లెక్కేశాం. ఇలాంటిది ఈపాటికే ఎవరో చేసే ఉంటారు, అది వెతికి తెలుసుకోవడం కూడా నేర్పాలి కదా.

హైదరాబాద్ నిమ్స్‌లో పోలియో పిల్లలు కాళ్ళకి ఆసరాగా కట్టే మూడు కిలోల ఇనుప పట్టీలు, అదే కాలిపర్లు, ఈడ్చుకుంటూ నడిచేవాళ్ళు, అక్కడి ఎముకల డాక్టరు అబ్దుల్ కలాం గారి ల్యాబ్‌కి వెళ్ళి క్షిపణికి వాడే తేలికపాటి మెటీరియల్ చేత్తో ఎత్తి చూశాకే 300 గ్రాముల కాలిపర్లు వచ్చాయి. ఆ డాక్టరు ల్యాబ్‌లో అడుగుపెట్టకపోతే? అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్ళు 2018 నుంచి ఇంజనీరింగ్ కలిపే డాక్టర్ చదువు చెప్తున్నారు.

మన విశాఖలో 1923 నాటి ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది, ఆటో ఎక్కితే ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ, స్టీల్ ప్లాంట్ వైపు వెళ్తే వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్, ఇన్ని పెట్టుకుని ఎవరి గోడ వాళ్ళదే. సిలబస్ ఇప్పటికే మోయలేకపోతున్నారంటారు, నిజమే, డాక్టర్లని మెకానిక్కులు చెయ్యమనట్లేదు, ఇంటర్న్‌షిప్ ఏడాదిలో ఒక పదిహేను రోజులు వర్క్‌షాపుకి పంపండి, ఇంజనీరింగ్ పిల్లల్ని అన్నే రోజులు వార్డులో కూర్చోబెట్టండి. ఇబ్బంది ఏంటో కొలతలతో చెప్పడం డాక్టర్లకి వస్తుంది, పేషెంటు పక్కన రాత్రి ఎలా ఉంటుందో ఇంజనీర్లకి తెలుస్తుంది.

ఆ బెల్ బొమ్మ ఫోటో నా ఫోన్లో ఉంది. ఇంట్లో సామాను బిగించి పట్టుకునే వైస్ ఉంది, పాత స్ప్రింగ్ త్రాసు కూడా ఉంది, నైట్ డ్యూటీ లేని రోజు చూసుకుని ఆ అబ్బాయిని రమ్మన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
గాజువాక, విశాఖపట్నం