ట్రంకు పెట్టె సంగతి

వెస్ట్ మాంబళం,
చెన్నై.

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "అన్నీ స్కాన్ చేయించి దాచుకుందాం, ఆ ట్రంకు పెట్టె తీసేద్దాం" అన్నావు. నాకేం కోపం రాలేదు. ఇల్లు ఇరుకన్నది నిజమే. కానీ అందులో ఉన్న మా నాటకాల ట్రూపు ఫోటోలూ కాగితాలూ ఉత్త బొమ్మలనుకుంటున్నావు, పేచీ అక్కడే.

హరిశ్చంద్ర నాటకం పుస్తకం ఒకటుంది, అట్ట ఊడిపోతే దారంతో కట్టాను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటి సీను దగ్గర తెరువు. మధ్యలో నోటుబుక్కు కాగితాలు మైదా జిగురుతో అంటించి ఉంటాయి. అవి జాషువా గారి శ్మశాన పద్యాలు. ఆయన విడిగా రాసుకున్న ఖండిక అది, అచ్చు నాటకంలో లేదు. నటులే తెచ్చి కాట్లో హరిశ్చంద్రుడి నోట పెట్టారు. అవి పాడకపోతే జనం ఊరుకునేవారు కాదు. ఆ కాగితాల అంచుల్లో మా హార్మోనిస్టు గారి పెన్సిలు రాతలున్నాయి. ఏ పద్యానికి ఏ రాగం, చంద్రమతి ఎక్కడ అందుకోవాలి, వన్స్‌మోర్ అంటే మళ్ళీ ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలి, అన్నీ. అచ్చు పుస్తకం కావాలంటే కొనుక్కోవచ్చు. మేం స్టేజీ మీద ఏం పాడామో చెప్పేది మాత్రం ఈ కాగితాలే.

ఫోటోల సంగతీ అంతే. స్థానం నరసింహారావు గారు స్త్రీ వేషంలో ఉన్న ఫోటో చూసి పక్కింటావిడ "మీ అమ్మగారా? ఎంత కళగా ఉన్నారో!" అంది. నవ్వాపుకోలేక చచ్చాను. ఆడవేషాలతో పేరు మోసి 1956లో పద్మశ్రీ అందుకున్న మనిషాయన! వెనక పేరు రాసిపెట్టకపోతే రేపు నీ పిల్లలు ఆయన్ని ముత్తవ్వ అనుకుని పటం కట్టి దండ వేస్తారు.

ఎగ్మూరు మ్యూజియం థియేటర్లో మేం వేసిన నాటకం ఫోటోల్ని ఒక సంస్థ వాళ్ళు సావనీరుకని పట్టుకెళ్ళారు. తిరిగివ్వలేదు. ఎన్నిసార్లడిగినా "వెతుకుతున్నామండీ" అనేవారు. కరపత్రం ఒక్కటే మిగిలింది. అందులో పేర్లున్నాయి, మొహాలు లేవు. ట్రూపంతా కలిసి దిగిన గ్రూపు ఫోటోలో మొహాలున్నాయి, పేర్లు లేవు. అవి నాకు తెలుసు గనక సరిపోయింది. ఇప్పుడు చెప్పు, ఫోటోలు ఒకరికీ కరపత్రాలు ఒకరికీ పంచేస్తే ఎలా?

"ఎవరికి కావాలమ్మా ఇవన్నీ" అన్నావు కదా. తరమణిలో రోజా ముత్తయ్య గ్రంథాలయం చూశావా? కోట్టైయూర్లో ఒకాయన ఇంట్లో పోగేసుకున్న పాత పుస్తకాలూ పత్రికలతో మొదలైంది. ఇప్పుడు తమిళం మీద పరిశోధన చేసేవాళ్ళందరికీ అదే దిక్కు. ఆ రోజుల్లో ఆయన్నీ ఇంట్లోవాళ్ళు విసుక్కునే ఉంటారు. మన తెలుగు నాటకానికీ మద్రాసులో చాలా జరిగింది. దాచేవాళ్ళే తక్కువ.

స్కాన్ వద్దనటం లేదు. చేయించు, కానీ ముందువైపే కాదు, వెనకవైపు కూడా. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో గీకిన రాత, అన్నీ అక్కడే ఉంటాయి. లామినేషన్ మాట ఎత్తకు, ఒకసారి చేస్తే మళ్ళీ ఊడదీయలేం. జిగురు పేజీల ఆల్బమ్‌లు కూడా వద్దు. నీ పెళ్ళి ఫోటోలు వాటిలో ఎలా అతుక్కుపోయాయో చూశావు కదా. సెల్లోటేపు అసలే వద్దు. పేర్లు రాయడానికి మెత్తటి పెన్సిలు చాలు. బాల్‌పెన్ను ఒత్తితే ముందుకు గీత తేలుతుంది. పెట్టెని అటక మీద పెట్టించకు, ఈ ఊరి ఎండకి అది కొలిమి. వానల్లో చెమ్మెక్కే గోడకీ ఆనించకు.

ఆ అట్ట కిరీటం మాత్రం పోతే పోనీ. బొద్దింకలు సగం తినేశాయి, పైగా అది నాది కాదు, అద్దె కంపెనీది. తిరిగివ్వమని ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు!

సంక్రాంతికి వస్తున్నావుగా, రెండ్రోజులు ఎక్కువ సెలవు పెట్టు. నేను చెబుతుంటే నువ్వు రాయి, నా చేతిరాత ఇప్పుడు నాకే అర్థం కావటం లేదు. గ్రూపు ఫోటోతో మొదలెడదాం. ఎడమవైపు చివర నిలబడ్డావిడ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. నువ్వొచ్చేలోపు మీ పిన్నిని అడిగి ఉంచుతాను.

కోడలికీ పిల్లలకీ నా ఆశీస్సులు చెప్పు.

అమ్మ