మామూలు కేబులే చాలు, చిక్కంతా అడ్రసు దగ్గరే

సంపాదకులకు నమస్కారం.

పాత కంప్యూటర్‌లోని ఫొటోలన్నీ కొత్తదాంట్లోకి పంపడం ఎలాగని పోయిన వారం మీ కంప్యూటర్ శీర్షికలో ఒకరు అడిగితే, క్రాస్‌ఓవర్ కేబుల్ కొని రెండింటినీ కలపమని జవాబిచ్చారు. అది ఒకప్పటి సలహా. ఇప్పుడు రౌటర్ డబ్బాలో వచ్చే మామూలు ల్యాన్ కేబుల్ సరిపోతుంది.

పాత 10, 100 ఎంబీపీఎస్ (సెకనుకు అన్ని మెగాబిట్ల వేగం) నెట్‌వర్క్ కార్డుల్లో 1, 2 పిన్నులు డేటా పంపడానికి, 3, 6 పిన్నులు అందుకోవడానికి ఉండేవి. రెండు కంప్యూటర్లను నేరుగా కలిపితే ఇద్దరూ ఒకే తీగల మీద మాట్లాడేవాళ్లు, వినే దిక్కుండదు, అందుకే కేబుల్‌లోనే ఆ జతలను అటూ ఇటూ మార్చేవారు, అదే క్రాస్‌ఓవర్ కేబుల్. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు వచ్చాక ఏ జతను దేనికి వాడాలో పోర్టే తేల్చుకుంటోంది, పైగా రెండు వైపుల్లో ఒకటి అలాంటిదైనా చాలు.

అసలు టెన్షన్ కేబుల్ పెట్టాక మొదలవుతుంది. లైటు వెలుగుతుంది, రెండో కంప్యూటర్ మాత్రం కనిపించదు. మధ్యలో రౌటర్ లేదు కాబట్టి ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తుపట్టే నంబరు, ఇచ్చేవాళ్లు లేరు. కాసేపు చూసి విండోస్ తనంతట తానే 169.254తో మొదలయ్యే అడ్రసు పెట్టుకుంటుంది, దాంతోనూ పని జరుగుతుంది గానీ మనమే ఇచ్చుకుంటే గందరగోళం ఉండదు: ఒకదానికి 192.168.50.1, రెండోదానికి 192.168.50.2, రెండింటికీ సబ్‌నెట్ మాస్క్ (ఏ అడ్రసులు ఒకే వరుసలోవో చెప్పేది) 255.255.255.0. గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి) గడి ఖాళీగా వదిలేస్తే ఇంటర్నెట్ ఎప్పటిలా వైఫై మీదే నడుస్తుంది. ఆ 50 ఎందుకంటారా? నేను మొదట 192.168.1 పెట్టి ఒక సాయంత్రమంతా పాడు చేసుకున్నాను, మా వైఫైదీ అదే వరుస, దాంతో ఏ దారిన పంపాలో కంప్యూటర్‌కే తెలియలేదు.

ఇంకో సంగతి, గేట్‌వే లేని ఇలాంటి నెట్‌వర్క్‌ను విండోస్ 'పబ్లిక్' కింద జమకట్టి, బయటి నుంచి వచ్చేవాటిని ఫైర్‌వాల్‌తో ఆపేస్తుంది. పింగ్‌కు (అవతలి కంప్యూటర్ అందుతోందో లేదో చూసే పరీక్షకు) జవాబు రాలేదని కేబుల్‌ను అనుమానించకండి, ముందు దాన్ని 'ప్రైవేట్'గా మార్చి ఫైల్ షేరింగ్ ఆన్ చేయండి. తర్వాత ఫోల్డర్‌ను షేర్ చేసి, రెండో కంప్యూటర్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన ఉండే అడ్రసు గడిలో రెండు వెనక్కి వాలిన గీతలు కొట్టి ఐపీ అడ్రసు రాయాలి. అక్కడ అడిగే పాస్‌వర్డు షేర్ చేసిన కంప్యూటర్‌లోని అకౌంటుది, లాగిన్‌కు రోజూ కొట్టే పిన్ నంబరు పనికిరాదు. అసలు పాస్‌వర్డే లేని అకౌంటుతోనూ మామూలుగా లోపలికి రానివ్వదు. చాలామంది విసిగి వదిలేసేది ఇక్కడేనని నా అనుమానం.

ఇంత శ్రమకు ఫలితం ఉంది. రెండు వైపులా గిగాబిట్ ఉండి, డిస్కులు అందుకోగలిగితే 100 జీబీ పావుగంట, ఇరవై నిమిషాల్లో వెళ్లిపోతుంది. 100 ఎంబీపీఎస్ కార్డయితే రెండున్నర గంటలు పైనే.

దయచేసి ఒక హెచ్చరిక కూడా వేయండి: రెండు కొసలా వెడల్పాటి ప్లగ్గున్న మామూలు యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్లను కలపకూడదు. రెండు పోర్టులూ 5 వోల్టుల కరెంటు ఇచ్చేవే, డేటా వెళ్లకపోగా పోర్టు పోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు