రైఫిల్ బ్యారెల్‌కి ఏ ఉక్కు మేలు?

తిరుపతి

ఒరే మామా,

నీ జాబు అందింది. స్టెయిన్‌లెస్ బ్యారెలా, క్రోమ్‌మోలీ బ్యారెలా అని అడిగినావు. ఏ రైఫిల్‌కో రాయలేదు. అసలు తేడా అక్కడే ఉంది.

50 మీటర్ల పాయింట్ టూటూ (0.22 అంగుళాల చిన్న తూటా) రైఫిల్‌కైతే, ఎక్కువ రోజులు మన్నుతుందని స్టెయిన్‌లెస్‌కి డబ్బు పెట్టొద్దు. అందులో తూటామందు తక్కువ, వేడి తక్కువ, గుండు సీసం. శుభ్రంగా చూసుకుంటే ఏ ఉక్కయినా వేల వేల రౌండ్లు ఆడుతుంది. 300 మీటర్ల సెంటర్‌ఫైర్ (ఎక్కువ మందున్న పెద్ద తూటా) సంగతి వేరు. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) దాటగానే రైఫ్లింగ్ (లోపలి మెలికల చాళ్లు) మొదలయ్యే చోటు, త్రోట్ అంటామే, అక్కడ ప్రతి దెబ్బకీ మంట ఉక్కు కరిగే వేడిని మించిపోతుంది. అదీ ఒకటి రెండు మిల్లీసెకన్లే. ఆ కాస్తకే లోపలి పైపొర బిగుసుకుని, ఎండిన చెరువు అడుగులాగా పగుళ్లు తేలుతుంది. స్టెయిన్‌లెస్ ఆ పగుళ్లతోనే ఇంకొన్నాళ్లు గ్రూపు (గుండ్లన్నీ ఒకేచోట పడటం) నిలబెడుతుంది, పోయేటప్పుడు మాత్రం ఉన్నట్టుండి పోతుంది. క్రోమ్‌మోలీ కొంచెం కొంచెంగా అరుగుతూ, గ్రూపు విచ్చుకుంటూ ముందే చెబుతుంది. 300 మీటర్ల పోటీలకి నేను స్టెయిన్‌లెస్ వైపే.

గట్టితనంలో పెద్ద తేడా లేదు, రెండూ సుమారు 28 నుంచి 32 రాక్‌వెల్ సి (గట్టితనం కొలత). క్రోమ్‌మోలీ అంటే మామూలుగా 4140 రకం: క్రోమియం ఒక శాతం దగ్గర, మాలిబ్డినం 0.2 శాతం. స్టెయిన్‌లెస్ అంటే 416ఆర్, క్రోమియం 12 శాతం పైచిలుకు. మన వంటింటి 304 గిన్నెలో అయితే క్రోమియం 18, నికెల్ 8. అందుకే గిన్నెకి అయస్కాంతం అంటీ అంటనట్టు ఉంటుంది, బ్యారెల్‌కి గట్టిగా అతుక్కుంటుంది. బాగా కోతకి రావాలని 416ఆర్‌లో గంధకం కూడా కలుపుతారు. ఆ గంధకం రేణువుల దగ్గరే చెమటలోని ఉప్పు పట్టి సూదిమొన గుంటలు పడతాయి. స్టెయిన్‌లెస్ కదా, తుప్పు పట్టదులే అనుకోవద్దు రా. ఆలస్యంగా పడుతుంది, అంతే.

మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, గాలంతా తేమ. ఏసీ గదిలోని రైఫిల్‌ని బయటికి తెచ్చి వెంటనే పెట్టె తెరిచావంటే చల్లటి ఇనుము మీద మంచులాగా చెమ్మ పడుతుంది. గంటసేపు పెట్టె మూసే ఉంచు. ఇంటికొచ్చాక మటుకు స్పాంజి పెట్టెలో వదలొద్దు, స్పాంజి తేమని పట్టి ఉంచుతుంది. శుభ్రం చేసేటప్పుడు బోర్ గైడ్ (రాడ్‌ని నడిమధ్యలో ఉంచే గొట్టం) పెట్టి, రాడ్‌ని ఛాంబర్ వైపు నుంచే తొయ్యి. మూతి వైపు నుంచి తోస్తే క్రౌన్ (మూతి అంచు) అరిగి గురి చెడుతుంది. ముందు సాల్వెంట్ (మసి కరిగించే ద్రవం) పాచ్ (గుడ్డముక్క), తర్వాత పొడి పాచ్‌లు రెండు, చివర పలచగా నూనె రాసింది ఒకటి. పాచ్ అంచున నారింజ రంగు కనిపిస్తే అది తుప్పే. మళ్లీ కాల్చే ముందు పొడి పాచ్‌తో ఆ నూనె తీసెయ్యి. పాయింట్ టూటూ సీసం గుండులో రాగి ఉండదు కాబట్టి అమ్మోనియా సాల్వెంట్ అక్కర్లేదు. ఛాంబర్ ముందర గట్టిపడే మసి చుట్టుని మాత్రం వదలొద్దు.

నల్లటి మెరుపు కావాలంటే క్రోమ్‌మోలీకే మామూలు బ్లూయింగ్ బాగా పడుతుంది. యాక్షన్ (బ్యారెల్‌ని బిగించే వెనక భాగం), బ్యారెల్ రెండూ స్టెయిన్‌లెస్ అయితే బిగించేటప్పుడు మరలు ఒకదాన్నొకటి పట్టేసి చిరిగిపోతాయి, యాంటీసీజ్ (పట్టెయ్యకుండా చూసే) గ్రీజు రాయమని బిగించేవాడికి చెప్పు. ఉత్త బ్యారెల్ కూడా చట్టం కింద ఆయుధ భాగమే, కాబట్టి లైసెన్సున్న డీలర్ ద్వారానే అన్నీ.

ఒక్క మాట గట్టిగా చెప్తా. ఉక్కు కన్నా తయారీ ముఖ్యం. లోపలి ఒత్తిడి సరిగ్గా తియ్యని బ్యారెల్ వేడెక్కే కొద్దీ గుండ్లని ఒక పక్కకి నడిపిస్తుంది, అది ఏ ఉక్కయినా సరే. స్ట్రెస్ రిలీవ్ చేశారా (ఆ ఒత్తిడి తీశారా), బోర్ (లోపలి రంధ్రం) చేత్తో ల్యాప్ చేశారా (నునుపు చేశారా), ఈ రెండూ డీలర్‌ని అడుగు. రైఫిల్ ఏదో, ఆయన ఏమన్నాడో రాయి, మిగతాది అప్పుడు చూద్దాం.

నీ
మామ