ఆర్పేసిన కొవ్వొత్తి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మ ఏటా ఫిబ్రవరిలో మమ్మల్ని గుణదల కొండకు తీసుకెళ్లేది. 1924లో మేరీమాత స్వరూపం నెలకొల్పిన చోటు అది. 9, 10, 11 తేదీల తిరునాళ్లలో కాలు పెట్టే సందుండదు. కొబ్బరికాయలు, తలనీలాలు, కొవ్వొత్తులు... ఎవరిది ఏ మతమని అడిగేవాళ్లు లేరు. అమ్మ అగ్గిపెట్టె తీయనిచ్చేది కాదు. పక్కవాళ్ల వత్తి నుంచే మాది అంటించుకోవాలి. అడుగు కాస్త కరిగించి రాతి మీద నొక్కి పట్టుకుంటే నిలబడేది. వేళ్ల మీద పడ్డ మైనాన్ని బస్సులో గిల్లుకుంటూ ఇంటికొచ్చేవాళ్లం.

ఇప్పుడు మా ఊరి చర్చిలో కొవ్వొత్తి పెట్టి, మోకరించి లేచేలోపే ఒకాయన దాన్ని ఆర్పి డబ్బాలో వేసేస్తున్నారు. మొన్న నవంబరు 2న, సమాధుల పండుగనాడు, మా ఆయన సమాధి మీద పెట్టినదానికీ అదే గతి. అడిగితే "జాగా చాలదమ్మా, మసి పడుతోంది" అన్నారు. రద్దీ నాకు తెలియనిది కాదు, నిప్పు భయమూ నిజమే. అలాగని కరెంటు దీపాలు పెట్టి స్విచ్ నొక్కమంటే నాకు మనసొప్పదు, మన్నించాలి. నా ప్రార్థన నాలుగు మాటల్లో అయిపోతుంది. నేను ఇంటికొచ్చి కూర తాలింపు వేసుకుంటున్నా అక్కడ అది వెలుగుతూనే ఉంటుందన్న ధీమా కోసమేగా కొవ్వొత్తి పెట్టేది!

ఆరుబయట ఇసుక పోసిన ఇనుప తొట్టి ఒకటి పెట్టించమనండి. ఇసుక ఖర్చు నేనిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి