హద్దుల్లో హైవే నంబరు

సంపాదకులకు,

స్థలాల ప్రకటనల్లో 'ఎన్‌హెచ్-16 ఫేసింగ్' అని వేస్తున్నారు. ఏ రోడ్డు? అనకాపల్లి–ఆనందపురం ఆరు వరుసల రోడ్డు వచ్చాక ఆ మాట దాని మీదున్న సబ్బవరం బిట్టుకూ వాడుతున్నారు, నగరంలోంచి పోయే పాత రోడ్డు మీదున్న మధురవాడ బిట్టుకూ వాడుతున్నారు. ప్రకటనైతే పోనీ, దస్తావేజులోకి ఎక్కితేనే చిక్కు.

గాజువాకలో పక్కపక్క స్థలాలకే ఒక కాగితంలో 'తూర్పు: ఎన్‌హెచ్-5', ఇంకోదాంట్లో 'ఎన్‌హెచ్-16' అని ఉంటుంది. రెండూ ఒకటే రోడ్డు. 2010లో కేంద్రం నంబర్లు మార్చింది. ఉత్తర దక్షిణాలుగా పోయేవాటికి సరి సంఖ్యలు, తూర్పు నుంచి పడమరకు పెరుగుతాయి. అడ్డంగా పోయేవాటికి బేసి సంఖ్యలు, ఉత్తరం నుంచి కిందికి పెరుగుతాయి. అలా మన 5 కాస్తా 16 అయింది, సాలూరు ఘాటెక్కే 43 ఏమో 26 అయింది. కిలోమీటరు రాయిని నమ్ముకున్నా లాభం లేదు. పాత 5 ఒడిశాలోని జార్పొఖారియా దగ్గర మొదలయ్యేది, 16 కోల్‌కతాలో మొదలవుతుంది.

ఇంగ్లాండుదీ ఇదే తంతు. అక్కడ బైపాస్ పడితే నంబరు సాధారణంగా బైపాస్‌తో పోతుంది, ఊళ్లో రోడ్డుకు చిన్నాచితకా నంబరేదో మిగులుతుంది. ట్రింగ్ అనే ఊరి పక్కన 1970ల్లో తెరిచిన బైపాస్‌కు ఎ41(ఎం) అని మోటర్‌వే హోదా ఇచ్చారు. దానికి అటూ ఇటూ రావలసిన మోటర్‌వే రానే లేదు. చివరికి ఆ 'ఎం' తీసేశారు. తారు అదే, పేరే పోయింది. ఊళ్లోంచి పోయే పాత ఎ41 ఇప్పుడు బి4635.

కాబట్టి హద్దులో నంబరు ఒక్కటే రాయించుకోకండి. 'గాజువాక నుంచి ఎన్‌ఏడీ జంక్షన్ వైపు పోయే రోడ్డు, పూర్వపు ఎన్‌హెచ్-5' అని రెండు చివరలూ చెప్పాలి. సర్వే నంబరు, సబ్‌డివిజన్ తప్పనిసరి. దూరం రోడ్డు అంచు నుంచి కాదు, మధ్య గీత నుంచి మీటర్లలో కొలిపించండి. విస్తరణలో అంచు జరిగిపోతుంది (మధ్య గీత కూడా ఒక్కోసారి జరుగుతుంది, అందుకే కొలిచిన తేదీ వేయాలి). లింకు దస్తావేజులో (అదే స్థలం పాత దస్తావేజులో) 5 అని ఉంటే దాన్ని 16గా దిద్దేయకండి. పాత మాట అలాగే ఉంచి, పక్కన 'ప్రస్తుతం' అని చేర్చండి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కోసం వెతికేది సర్వే నంబరు, ఊరు, ఇంటి నంబరును బట్టి కనుక అక్కడ తేడా బయటపడదు. బ్యాంకు లాయరు హద్దులు పోల్చినప్పుడే దొరుకుతుంది. అప్పుడు సవరణ దస్తావేజుకు అమ్మినవాళ్లను వెతికి పట్టుకుని సంతకం చేయించాలి.

మీ ప్రకటనల పేజీలోనైనా నంబరు పక్కన ఊరి పేరు కూడా అడగండి.

– కొందరు దస్తావేజు లేఖరులు, గాజువాక, విశాఖపట్నం