చంటిబిడ్డల మానిటర్లలో డేటా అంతా వృథా

ఎడిటర్ గారికి నమస్కారం. ఆస్పత్రుల్లో ఏఐ వాడకం గురించి చాలా వార్తలొస్తున్నాయి గానీ ఎస్‌ఎన్‌సీయూల (జబ్బుపడ్డ పసికందుల ప్రత్యేక వార్డుల) ఊసెవరూ ఎత్తట్లేదండి, అందుకే రాస్తున్నా. నేను గవర్నమెంటు ఆస్పత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని.

బిడ్డ కాలికి ప్రోబ్ (సెన్సార్) కట్టి ఉంటుంది, గుండె వేగం, ఆక్సిజన్ స్క్రీన్ మీద క్షణక్షణం మారుతూనే ఉంటాయి, మేం మాత్రం రెండు గంటలకోసారి చార్టులో రాస్తాం. నిమిషానికి 150 చొప్పున లెక్కేసుకున్నా ఆ రెండు గంటల్లో ఆ చిన్న గుండె 18,000 సార్లు కొట్టుకుంటుంది, చార్టులోకెక్కేది ఒక్క నంబరు. మిగతాదంతా ఎవరి కంటా పడకుండానే పోతుంది.

సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్లంతా దెబ్బతినే ప్రాణాంతక పరిస్థితి) ముదిరేలోపే చాలామంది బిడ్డల్లో గుండె వేగంలో మామూలుగా ఉండే ఎగుడుదిగుళ్లు తగ్గిపోతాయి, మధ్యమధ్యలో వేగం ఒక్కసారిగా పడి మళ్లీ లేస్తుంది. చార్టులో మాత్రం 148, 152, 150 అని అంతా నార్మల్‌గానే ఉంటుంది, రౌండ్స్‌కొచ్చిన డాక్టరుగారికీ అనుమానం రాదు. పాలు అరక్క, పొట్ట ఉబ్బి, బిడ్డ డల్ అయ్యాక గానీ తెలీదు, అప్పుడు ఒక్కో గంటా ప్రాణం మీదకొస్తుంది.

అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు ఈ మార్పుల్ని ఆగకుండా లెక్కగట్టి ప్రమాదం ఎంతుందో స్కోరు చూపించే హీరో అనే మానిటర్ తయారుచేశారు. 9 ఆస్పత్రుల్లో బాగా తక్కువ బరువుతో పుట్టిన 3,003 మంది పిల్లలతో ట్రయల్ పెట్టి 2011లో ఫలితాలిచ్చారు. డాక్టర్లకి స్కోరు చూపించని పిల్లల్లో చావులు 10.2 శాతం, చూపించినవాళ్లలో 8.1. స్కోరు పెరిగితే ఏం చెయ్యాలో రూలేం పెట్టలేదు, డాక్టర్లే చూసి నిర్ణయం తీసుకున్నారు. టొరంటోలో సిక్‌కిడ్స్ ఆస్పత్రి కూడా 2009 నుంచే ఆర్టెమిస్ పేరుతో ఇలాంటి పని మొదలుపెట్టింది.

అలాగని ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కొనేసి తగిలించమనట్లేదు. పెద్దవాళ్లలో సెప్సిస్ పసిగట్టే ఎపిక్ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ మోడల్‌ని మిషిగన్‌లో పరీక్షిస్తే మూడింట రెండొంతుల కేసులు పట్టుకోలేదని 2021లో తేలింది. పైగా మా వార్డులో బిడ్డ కాలు ఆడించి ప్రోబ్ జారినా అలారమే, నైట్ డ్యూటీలో అవి వినీ వినీ చెవులు అలవాటుపడిపోతాయి, ఇంకో తప్పుడు అలారం వచ్చి చేరితే అసలుది మోగినప్పుడు పరిగెత్తేదెవరు? హీరో నడిచేది ఈసీజీ సిగ్నల్ మీద, మా దగ్గర చాలామంది పిల్లలకి కాలి ప్రోబ్ ఒక్కటే, కాబట్టి ఉన్నదున్నట్టు తెచ్చిపెట్టినా పనిచెయ్యదు.

ముందు మానిటర్లన్నీ నర్సుల టేబుల్ దగ్గర ఒక స్క్రీన్‌కి కలిపి డేటా సేవ్ చెయ్యండి. కొన్ని జిల్లా ఆస్పత్రుల్లో మన పిల్లల మీదే సరిచూసుకుని, ఆ తర్వాతే స్కోరు చూపించండి. మెషీన్ వచ్చింది కదా అని నర్సుల పోస్టులు మాత్రం తగ్గించొద్దు, స్కోరు పెరిగితే బిడ్డ దగ్గరికెళ్లి ఒంటి మీద చెయ్యేసి చూడాల్సింది మేమే. కొత్త మానిటర్ల టెండర్లో డేటా బయటికి తీసుకునే సదుపాయం ఉండాలని ఒక్క లైను ఇప్పుడే రాయించండి, కొన్నాక అడిగితే కంపెనీలు దానికి వేరే డబ్బులంటాయి.

– ఒక స్టాఫ్ నర్సు, ఉత్తరాంధ్ర